మూడు చుట్ల ముడి

పదిహేడో పెట్టె కాటా మీద కిలో ఆరువందల గ్రాములు తక్కువ తూగింది.

తక్కెడ బాబాయ్ కాటాను ఒకసారి బూటుతో తట్టాడు. పెట్టె దింపించి, ఖాళీ కాటా సున్నా చూపిస్తోందా లేదా అని వంగి చూసుకుని, మళ్ళీ ఎక్కించాడు. అదే అంకె. పెట్టె పక్కన అంటించిన కాగితంలో అరవై నాలుగు కిలోల రెండువందలు అని ఉంది. కాటా అరవై రెండు ఆరువందలంటోంది.

"ఇదేంటి టీచరమ్మా, పెట్టెలు కూడా బెంగ పెట్టుకుని చిక్కిపోతాయా?" అన్నాడు.

ప్యాలెట్ల దగ్గర ఎవరో నవ్వారు. విమానంలోకి ఎక్కే ప్రతి వస్తువునూ తూచి, ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పే మనిషి ఆయన. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

"ఇప్పుడేం చేస్తారు బాబాయ్?" అని అడిగాను.

"చేసేదేముంది? ఉన్న బరువు రాసుకుంటా. నా విమానానికి బరువు తెలిస్తే చాలు. లోపలేముందో చెప్పడానికి నీ సంతకం ఉందిగా."

సుద్దముక్కతో కాగితం మీది పాత అంకె కొట్టేసి, మూత మీద కొత్తది రాశాడు. ఫోర్క్‌లిఫ్ట్ పెట్టెనెత్తి రెండో ప్యాలెట్ వైపు తీసుకుపోయింది. హ్యాంగర్ గోడ మీది గడియారంలో పదకొండూ పది. మొదటి సామాను విమానం ఒంటిగంటకి లేవాలి.

నా సంతకం ఉన్నమాట నిజమే. ఆ సంతకం అబద్ధమని ఆ హ్యాంగర్‌లో నాకొక్కదానికే తెలుసు.

ఆ ఉదయం ఏడూ నలభైకి సైరన్ మోగింది. మా దళం పని ఎప్పుడూ ఒక్కటే. పిలుపు వచ్చిన ఆరు గంటల్లో ఉన్నచోటు వదిలి, ఏమీ లేని చోటికి వెళ్ళి, మర్నాడు తెల్లవారేసరికి అక్కణ్ణుంచి యుద్ధ విమానాలు ఎగిరేలా చెయ్యడం. ఈసారి వెళ్ళవలసిన చోట ఒక రన్‌వే, ఒక నీళ్ళ ట్యాంకు ఉన్నాయన్నారు. దీపాలు లేవు కనుక వెలుగుండగానే అందరూ దిగాలి. దానికి అవతల కొండల్లో మనవాళ్ళు రెండువందల మంది మూడు రోజులుగా చిక్కుకుని ఉన్నారు.

యుద్ధ విమానాలు ఎనిమిది. వాటిని నడిపేవాళ్ళ గురించి అందరూ చెప్పుకుంటారు. అవి దిగాక ఇంధనం పట్టే గొట్టాలు, టైరు పేలితే వేసే కొత్త చక్రం, ఆ చక్రాన్ని బిగించే పనిముట్లు మూడు సామాను విమానాల్లో వెనకాలే వెళ్తాయి. వాటి గురించి చెప్పుకునేది మేము మాత్రమే. అక్కడ దుకాణం ఉండదు. పెట్టెలో లేని వస్తువు లోకంలోనే లేనట్టు.

మామూలు రోజుల్లో నేను బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెప్తాను. ఏడాదికి ఆరు వారాలు, అవసరం వస్తే అంతకన్నా ఎక్కువ, పిలిచినప్పుడు వచ్చి ఇక్కడ పనిచేస్తాను. అందుకే ఇక్కడ నన్ను అందరూ టీచర్ అంటారు. మా తమ్ముడు ఇక్కడ పూర్తికాలం ఉద్యోగి. ఇరవై నాలుగు పనిముట్ల పెట్టెలు వాడి చేతి కింద ఉండేవి. వాడు పోయాక, ఇంకొకరు వచ్చేదాకా ఉండమని నన్ను పిలిచారు, అవి నా చేతికి వచ్చాయి.

పెట్టెల్ని సిద్ధంగా ఉంచడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి పెట్టెలోనూ మందపాటి స్పాంజి ఉంటుంది. అందులో ఒక్కో పనిముట్టుకీ దాని ఆకారంలోనే గుంట కోసి ఉంటుంది. ఏదైనా లేకపోతే ఆ గుంట ఖాళీగా కనబడిపోతుంది. అన్నీ ఉన్నాయని చూసుకుని మూత వేసి, గొళ్ళేనికి తాడు కట్టి, ముడి మీద సీసపు బిళ్ళ పెట్టి పటకారుతో నొక్కుతాం. నొక్కినవాళ్ళ నంబరు బిళ్ళ మీద పడుతుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున సీలు కోసి, లోపల చూసి, కొత్త సీలు వెయ్యాలి. పనిముట్టు ఒకటి కనబడలేదంటే అది ఏ విమానంలోనో ఉండిపోయిందనే అనుకోవాలి. అది దొరికేదాకా ఏ విమానాన్నీ కదలనివ్వకూడదు.

తమ్ముడు పోయి తొమ్మిది వారాలైంది. సెలవు రోజున బస్టాపులో నిలబడి ఉండగా గుండె ఆగిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళు. ముందురోజు సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు వాడు సీలు వేసిన పెట్టె ఒక్కటే. పదిహేడోది. చక్రాలు మార్చే పెట్టె.

నిబంధన ప్రకారం తాడు రెండు చుట్లు చుడితే చాలు. వాడు మూడు చుట్లు చుట్టి చివర లోపలికి దూర్చేవాడు. ఆ ముడి నేను నేర్పిందే. అమ్మ పొద్దున్నే పనికి వెళ్ళిపోయేది. వాణ్ణి తయారుచేసి బడికి తీసుకువెళ్ళడం నా వంతు. నాకు పద్నాలుగేళ్ళు, వాడికి అయిదు. బడి చేరేలోపల వాడి బూట్ల తాళ్ళు రెండుసార్లు ఊడిపోయేవి. ఒకరోజు విసుగొచ్చి, మెట్ల మీద కూర్చోబెట్టి, మూడు చుట్లు చుట్టి చివర దాచేయడం నేర్పాను. పెద్దవాడయ్యాక కూడా ఏది కట్టినా అలాగే కట్టేవాడు.

వాడు పోయిన తర్వాత వచ్చిన ఒకటో తారీఖున ఇరవై మూడు పెట్టెలు తెరిచాను. పదిహేడో పెట్టె దగ్గర కత్తెర తీశాను. కాసేపు నిలబడి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. వాడు చూసి మూసిందే కదా, మధ్యలో ఎవరూ తెరవలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తనిఖీ పట్టీలో 'తెరిచి చూశాను, సరిపోయింది' అన్న చోట సంతకం చేశాను. ఆ పై నెల కూడా అంతే. పిల్లల కాపీ పుస్తకాలు చదవకుండా టిక్కులు పెట్టే కొత్త టీచర్లను మా బడిలో మందలించేది నేనే.

వాడి బల్ల దగ్గర కూడా నేను కూర్చోలేదు. పక్క బల్ల తీసుకున్నాను. ఆ బల్ల మీది ఫోను ఈ తొమ్మిది వారాల్లో రెండుసార్లు మోగింది. ఎవరో వాడి కోసమే చేస్తున్నారు, ఏమని చెప్పాలి అనుకుని, అదే ఆగేదాకా మోగనిచ్చాను.

ఫోర్క్‌లిఫ్ట్ పెట్టెను ప్యాలెట్ మీద దించింది. వల కప్పడానికి ఇద్దరు మనుషులు రెండు వైపులా నిలబడ్డారు.

పదిహేడో పెట్టెలో ఏది ఎంత బరువుంటుందో నాకు కంఠతా వచ్చు. కిలో ఆరువందలు ఉన్నది టార్క్ రెంచి ఒక్కటే. మూరెడు పొడుగు. చక్రం నట్టును ఎంత బిగించాలో అంతవరకూ బిగించి, చాలనగానే టక్కుమని చప్పుడు చేసే రెంచి. తమ్ముడు ఆఖరిసారి పనిచేసిన రోజున మూడు యుద్ధ విమానాలకు చక్రాలు మార్చాడు. రెంచి పెట్టెలో లేకపోతే ఎక్కడుంది? చక్రం ముడుచుకునే గూట్లో, ఏ పైపు వెనకాలో ఉండిపోయిందా? ఆ గూళ్ళను రోజూ చూస్తారు, అంత పొడుగుది కనబడకుండా ఉండదు. కానీ కనబడకుండా ఉండదులే అనుకున్న వస్తువుల వల్లే ఈ నిబంధన వచ్చింది. ఆ మూడు విమానాలూ ఈ తొమ్మిది వారాల్లో డెబ్బైసార్లకు పైగా ఎగిరాయి. అన్నిసార్లూ నా సంతకాన్ని నమ్మే ఎగిరాయి.

నోరు విప్పితే నా తప్పు బయటపడుతుంది. దానికి నేను సిద్ధమే. కానీ నాతోపాటు వాడి తప్పు కూడా బయటపడవచ్చు. వాడి చేతిలో వస్తువు పోదు అని ఇక్కడివాళ్ళంతా అనేవారు. సంతాపసభలో కూడా అదే మాట అన్నారు. మా మరదలు ఆ మాట పట్టుకునే రోజులు గడుపుతోంది. ఆ మాట చెరిపేది వాడి అక్కే అవుతుంది.

నోరు మూసుకుంటే, ఆ ఎనిమిది మంది పైలట్లలో ఒకరు దిగబోయేటప్పుడు చక్రం కిందికి రాకపోవచ్చు.

వల పెట్టె మీద పడింది. ఒకతను కొక్కెం తగిలిస్తున్నాడు.

"బాబాయ్, ఆ పెట్టె దించండి" అన్నాను. గొంతు బడిలో లాగే వచ్చింది, వెనక బెంచీ దాకా.

తక్కెడ బాబాయ్ చేతిలోని సుద్దముక్క ఆగింది. "ఏ పెట్టె?"

"పదిహేడు. దాన్ని నేను తెరవలేదు."

"ఇవాళా?"

"రెండు నెలలుగా."

ఆయన నా వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు. తర్వాత వెళ్ళి సీసపు బిళ్ళను వేలితో తిప్పి నంబరు చదివాడు. అంతసేపూ దాన్ని ఎవరూ తిప్పి చూడలేదు. ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, "కెప్టెన్‌ని పిలవండ్రా" అన్నాడు.

ప్రయాణం మొత్తానికి బాధ్యురాలైన కెప్టెన్ నాకన్నా పదేళ్ళు చిన్నది. పొద్దున్నించీ కూర్చోలేదు. రెండు వైర్‌లెస్ సెట్లు భుజాలకి చెరొకటి వేలాడుతున్నాయి. ఒకదాంట్లో ఎవరితోనో మాట్లాడుతూనే వచ్చి, తక్కెడ బాబాయ్ చెప్పింది విని, ఆ మాటలు ఆపేసింది.

"సంతకాలెవరివి?"

"రెండూ నావే మేడం."

"ఎందుకు తెరవలేదు?"

"ఆ ముడి మా తమ్ముడు వేసింది."

ఆమె ముడిని చూసింది. "దీన్ని నేను రిపోర్టులో ఎలా రాయాలి?" అంది. నా జవాబు కోసం ఆగలేదు. వైర్‌లెస్ నోటికి దగ్గరగా పెట్టుకుని, "ఎనిమిదీ ఆపండి. ఇంజిన్లు వెయ్యొద్దు. పనిముట్టొకటి కనబడటం లేదు. అవును, ఎనిమిదీ అన్నాను" అంది. అవతలి గొంతు ఏదో పెద్దగా అంది. "నాకు తెలుసు సార్. వెలుగు సాయంత్రం ఆరూ ఇరవై దాకానే ఉంటుందని కూడా తెలుసు" అని ఆపేసింది.

రెండు నిమిషాల్లో మేస్త్రి పరుగెత్తుకుంటూ వచ్చాడు. యుద్ధ విమానాల మెకానిక్‌లందరికీ పెద్ద. పదేళ్ళు తమ్ముడి పక్కన పనిచేశాడు. వాడితోపాటే నన్ను అక్కా అనడం అలవాటైంది.

"ఏం పోయింది? ఎవరు చెప్పారు?"

"టార్క్ రెంచి. నేనే చెప్పాను."

"వాడు విమానంలో రెంచి వదిలేశాడంటావా?" అతని ముఖం ఎర్రబడింది. "గొడుగు మర్చిపోయాడంటే నమ్ముతా. పెళ్ళిరోజు మర్చిపోయాడంటే నమ్ముతా, గుర్తుచేసి ఇంటికి తరిమింది నేనే. రెంచి మర్చిపోయాడంటే మాత్రం నువ్వు చెప్పినా నమ్మను అక్కా."

"నమ్మొద్దు. వెతుకు."

పళ్ళు బిగించి బయటికి తిరిగి అరిచాడు. "మూడు, అయిదు, ఆరు! చక్రాల గూళ్ళు విప్పండి. టార్చిలు, అద్దాలు పట్టుకోండి. తీసిన స్క్రూలు లెక్కపెట్టి డబ్బాలో వెయ్యండి, దీని తర్వాత అవి వెతికే ఓపిక నాకు లేదు!"

సీలు కొయ్యడానికి ఇద్దరుండాలి. తక్కెడ బాబాయ్ నా పక్కన నిలబడ్డాడు. కెప్టెన్ గడియారం చూసి, "పదకొండూ ఇరవై ఎనిమిది. కొయ్యండి టీచర్" అంది.

కత్తెర మొదటిసారి జారింది. మూడు చుట్లు గదా, మందంగా ఉంది. రెండోసారి రెండు చేతులతో నొక్కితే తెగింది. మూత ఎత్తాను.

ముప్ఫై ఏడు పనిముట్లు వాటి వాటి గుంటల్లో ఉన్నాయి. పొడుగాటి గుంట ఒకటి ఖాళీగా ఉంది. అందులో నాలుగు మడతలు పెట్టిన చీటీ, కదలకుండా రెండు వైపులా టేపుతో అంటించి ఉంది.

పనిముట్లు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూసే కొలతల పరీక్ష గదివాళ్ళు ఇచ్చే రసీదు చీటీ అది, సగానికి చింపిన ముక్క. రెంచి నంబరు, వాడి నంబరు, తేదీ ఉన్నాయి. వెనక వాడి చేతిరాత. వాడు రాసేటప్పుడు ఒత్తులు ఎప్పుడూ పక్క అక్షరం కిందికి జరిగిపోయేవి. ఎంత చెప్పినా మారలేదు.

"పైకి చదవండి" అంది కెప్టెన్.

చదివాను. "రెంచి కొలత పరీక్షకి ఇచ్చాను, గడువు దగ్గరపడింది. ఒకటో తారీఖున పెట్టె తెరిచినవాళ్ళు ఈ చీటీ తీసుకెళ్ళి తెచ్చుకోండి. చీటీ లేకపోతే అక్కడి తాత ఇవ్వడు. పదకొండున్నరలోపు వెళ్ళండి. ఆ తర్వాత భోజనానికి పోయాడంటే ఒంటిగంటన్నర దాకా రాడు, తాళం చెవి ఆయన జేబులోనే ఉంటుంది. పెట్టె మీది బరువు మార్చలేదు, రెంచి వస్తే సరిపోతుంది."

తక్కెడ బాబాయ్ తల ఎత్తి గోడ గడియారం చూశాడు. "పదకొండూ ముప్ఫై ఒకటి" అన్నాడు మెల్లగా.

పనిముట్టు లేకుండా పెట్టె మూసినప్పుడు బయట కూడా ఎర్ర చీటీ కట్టాలి. వాడు కట్టలేదు. మర్నాడు సెలవు, ఆ పై రోజు కట్టొచ్చులే అనుకుని ఉంటాడు. అది వాడి తప్పే. చిన్నదైనా తప్పే కనుక ఇక్కడ రాస్తున్నాను.

"అయితే విమానాల్లో లేదు. వదిలెయ్యమంటారా మేడం?" అన్నాడు వల దగ్గరున్న మనిషి.

"చీటీ రెంచి కాదు. దీనితో చక్రం బిగించలేం. రెంచి నా కళ్ళ ముందుకు వచ్చి, దాని మీది నంబరు చదివేదాకా వెతకడం ఆగదు, ఎనిమిదీ కదలవు." కెప్టెన్ నా వైపు తిరిగింది. "వెళ్ళండి. మేస్త్రితో వెళ్ళండి."

దొరికిన బండి విమానాలను లాగే ట్రాక్టరు. ఎంత తొక్కినా అది పరుగెత్తదు. పరీక్ష గది మైదానానికి ఆ చివర ఉంది. మూడో నంబరు విమానాన్ని దాటుతున్నప్పుడు దాని కింద నలుగురు మనుషులు వెల్లకిలా పడుకుని, గూట్లోకి టార్చిలు వేసి చూస్తున్నారు. పైలట్ రెక్క నీడలో నిలబడి మా వైపు చూశాడు. నేను చీటీని పిడికిట్లో పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాను.

"మొదటి నెలే తెరిచి ఉంటే..." అని మొదలుపెట్టాడు మేస్త్రి.

"తెలుసు."

"తెలుసులే. ఊరికే అన్నా."

పరీక్ష గదికి తాళం వేసి ఉంది. మేస్త్రి రెండుసార్లు తలుపు బాది, భుజంతో ఒకసారి గుద్ది, భుజం రుద్దుకుంటూ భోజనశాల వైపు పరుగెత్తాడు. నేనూ వెనకే పరుగెత్తాను. ఆ రోజు అందరూ నిలబడే తిని పోతున్నారు. కొలతల తాత ఒక్కడే కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, పళ్ళెం ముందు పెట్టుకుని, నెమ్మదిగా నములుతున్నాడు.

"తాతా, తాళం చెవి!"

"భోజనం మధ్యలో లేవను."

"అవతల యుద్ధం తాతా!"

"యుద్ధం పొద్దున ఏడూ నలభై నుంచీ ఉంది. మీరు ఇప్పుడొచ్చారు."

నేను చీటీ ఆయన పళ్ళెం పక్కన పెట్టాను. ఆయన చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చింపిన అంచును వేలితో తడిమి చూశాడు. తర్వాత లేచాడు.

"అదెప్పుడో సిద్ధమైంది" అన్నాడు దారిలో. ఆయన నడక ఆయనదే, మేస్త్రి ముందుకు నాలుగు అడుగులు వెయ్యడం, వెనక్కి రావడం. "ఫోన్ చేశా. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎత్తే నాథుడు లేడు. ఆ బల్ల దగ్గర మనుషులుండరా ఏం?"

"నేను ఉన్నాను. పక్క బల్ల దగ్గర" అన్నాను.

"మరి ఎత్తొచ్చుగా? సరే, ఆ కుర్రాడే వస్తానన్నాడని ఊరుకున్నా. మీ వాడికి చెప్పండి, ఇంకోసారి ఇన్నాళ్ళు నా అలమరలో పెడితే ఊరుకోనని."

గది తలుపు దగ్గరికి చేరాం. ఆయన తాళం చెవి తిప్పుతూ మా ముఖాలు చూశాడు. చెవి సగంలో ఆగింది.

"ఎప్పుడు?" అన్నాడు.

"మీకిచ్చిన మర్నాడు తాతా" అన్నాడు మేస్త్రి.

ఆయన తలుపు తోశాడు. కింది అరలో, మెత్తని గుడ్డలో చుట్టి, రెంచి ఉంది. గుడ్డకు పిన్నుతో చీటీ రెండో సగం గుచ్చి ఉంది. తాత రెండు ముక్కలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి జరిపాడు. అంచులు కలిశాయి. అప్పుడు గాని రెంచిని నా చేతికివ్వలేదు.

పిడి మీద చెక్కిన నంబరును రెండుసార్లు పైకి చదివాను. మేస్త్రి తన చేతిలోని పట్టీతో రెండుసార్లూ సరిచూశాడు. వైర్‌లెస్‌లో, "దొరికింది మేడం. నంబరు సరిపోయింది. పరీక్షకి ఇచ్చిన రోజు నుంచీ ఇక్కడే ఉంది" అన్నాడు. తర్వాత అదే వైర్‌లెస్‌లో తన మనుషులతో, "గూళ్ళు మూసెయ్యండి. స్క్రూలు లెక్క చెప్పి మరీ మూసెయ్యండి" అని, మీట వదిలి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"చెప్పానా లేదా అక్కా?" అన్నాడు అటు తిరిగే.

"చెప్పావు."

"ఇంకెప్పుడూ వాణ్ణి అనుమానించకు."

"అనుమానించాలి" అన్నాను. "వాణ్ణీ నిన్నూ నన్నూ, నెలకొకసారి. అది మానేసినందుకే ఇంత అయింది."

హ్యాంగర్‌కి తిరిగి వచ్చేసరికి పన్నెండూ ఇరవై అయింది. కెప్టెన్ రెంచిని తీసుకుని నంబరు తనే చదివి, నాకు తిరిగి ఇచ్చింది. దాన్ని గుంటలో పెట్టాను. చక్కగా కూర్చుంది. ముప్ఫై ఎనిమిదీ ఒక్కొక్కటే వేలితో ముట్టుకుంటూ లెక్క చెప్పాను. తక్కెడ బాబాయ్ పట్టీలో గీతలు పెట్టాడు.

"మీరే మూయండి" అంది కెప్టెన్. "మీ నంబరే నొక్కండి. మళ్ళీ ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో నాకు తెలియాలి."

తాడు చుట్టాను. రెండు చుట్లయ్యాక నా వేళ్ళు మూడోదానికి వెళ్ళాయి. వాటిని ఆపి, రెండు చుట్లతోనే ముడి వేసి, బిళ్ళ పెట్టి నొక్కాను. కాటా మీద అరవై నాలుగు కిలోల రెండువందలు తూగింది.

"ఇప్పుడు మీ కార్డు ఇవ్వండి" అంది కెప్టెన్. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీరు రావడం లేదు. విచారణ అయ్యేదాకా ఇక్కడ ఏ పెట్టె మీదా మీ చెయ్యి పడకూడదు."

"సరే మేడం."

"చీటీ కూడా. అది సాక్ష్యం."

చీటీ ఇచ్చాను. అది నాకు కావాలని అడగలేదు. అప్పటికే కంఠతా వచ్చేసింది.

తక్కెడ బాబాయ్ తన లెక్కల పుస్తకంలో కూర్చునేవాళ్ళ వరస తీసి నా పేరు కొట్టేశాడు. "రెంచి ఎక్కింది, నువ్వు దిగావు. ఇవాళ నా లెక్కలతో ఆడుకున్నావు టీచరమ్మా" అన్నాడు. తర్వాత జేబులోంచి కొత్త సుద్దముక్క ఒకటి తీసి నా చేతిలో పెట్టి, విమానం వైపు నడిచాడు.

మొదటి సామాను విమానం ఒంటిగంటా ముప్ఫై ఎనిమిదికి లేచింది. ముప్ఫై ఎనిమిది నిమిషాలు ఆలస్యం. కంచె బయట బస్సు కోసం నిలబడి, ఎనిమిది యుద్ధ విమానాలూ వెళ్ళేదాకా లెక్కపెట్టాను. మూడో సామాను విమానం అక్కడ దిగేసరికి చీకటి పడిపోయిందని, రన్‌వేకి రెండు వైపులా జీపులు నిలిపి వాటి దీపాల వెలుగులో దించారని తర్వాత విచారణలో చదివి వినిపించారు. ఎవరికీ ఏమీ కాలేదు. అయి ఉంటే ఆ ముప్ఫై ఎనిమిది నిమిషాలు నావే అయ్యేవి.

ఆ సాయంత్రం మరదలి దగ్గరికి వెళ్ళి, చీటీలో ఉన్నది ఒక్క అక్షరం పోకుండా చెప్పాను. తాళం చెవి తాత జేబులోనే ఉంటుందన్న చోట తను నవ్వింది. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఎర్ర చీటీ సంగతి కూడా చెప్పాను.

నాలుగో రోజు బడిలో మధ్యాహ్నం విరామంలో ఫోను మోగింది. తెలియని నంబరు. మొదటి గంటకే ఎత్తాను.

"పదిహేడు తెరిచాం అక్కా" అన్నాడు మేస్త్రి. వెనక గాలి హోరులో సగం మాటలు కొట్టుకుపోతున్నాయి. "ఆరో నంబరు దిగుతుంటే టైరు పేలింది. ఇరవై నిమిషాల్లో కొత్త చక్రం వేసి పంపేశాం. కొండల్లో వాళ్ళు బయటికొస్తున్నారు, ఇంకా చాలామంది ఉన్నారు, మేం ఇప్పట్లో రాం."

"రెంచి?"

"టక్కుమంది. దాని తప్పేముంది, బాగానే ఉంది."

"లెక్క చూసే మూశావా?"

"ముప్ఫై ఎనిమిది. నా నంబరే నొక్కాను. మూడు చుట్లు చుట్టాను అక్కా."

"రెండు చాలు."

"తెలుసు."

పిల్లలు వరండాలోంచి తిరిగి వస్తున్నారు. "ఒకటో తారీఖున కొయ్యి" అన్నాను.

"కోస్తాలే."

"మరిచిపోతావు. నేను ఫోన్ చేస్తాను."

"చెయ్యి. ఎత్తుతాను" అన్నాడు.

తరగతి గోడ మీది క్యాలెండర్‌లో ఒకటో తారీఖు చుట్టూ సున్నా చుట్టి, పుస్తకాలు తియ్యమని పిల్లలకు చెప్పాను.